పిల్లలకు చెప్పకుండా పెట్టే నిఘా గురించి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ పత్రిక కుటుంబం పేజీలో ఇటీవల వచ్చిన సలహాల శీర్షికలో, హైస్కూలు దాటుతున్న పిల్లలున్న ఇళ్లలో కంప్యూటర్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ వేసుకోవడం మంచిదనీ, ఆ సంగతి పిల్లలకు తెలియనివ్వకపోతేనే ప్రయోజనం ఉంటుందనీ రాశారు. మొదటి మాటతో నాకు పెద్ద పేచీ లేదు. రెండో మాట మీద మాత్రం, రాయగడలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతూ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూసే అవసరం తరచుగా పడే మనిషిగా, కొన్ని విషయాలు మీ దృష్టికీ పాఠకుల దృష్టికీ తేవాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. సరిహద్దుకు ఇవతల ఒడిశాలో ఉన్నా మాలో చాలామంది ఇళ్లలో పొద్దున్నే చదివేది తెలుగు పత్రికే. అందులో అచ్చయిన సలహాను మావాళ్లు డాక్టరు రాసిచ్చిన చీటీలా పట్టుకుని నేరుగా దుకాణానికి వస్తారు.

పిల్లల మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్క రకం కావు. కొన్ని, కంప్యూటర్ ఎంతసేపు వాడారో లెక్క చూపి, పెద్దలు పెట్టిన సమయం దాటగానే ఆపేస్తాయి. కొన్ని అశ్లీల వెబ్‌సైట్లు తెరుచుకోకుండా అడ్డుపడతాయి. వీటిలో దాపరికం లేదు, తెర మీద పిల్లలకే కనబడుతుంది. మీ శీర్షికలో సిఫారసు చేసిన రకం వేరు. అది కీబోర్డు మీద నొక్కిన ప్రతి అక్షరాన్నీ వరుసగా రాసుకుంటుంది, కొన్ని నిమిషాలకోసారి తెరను ఫొటో తీస్తుంది, ఏ పేజీ ఎప్పుడు తెరిచారో దాచుకుంటుంది. కొన్నయితే మైకునూ కెమెరానూ కూడా వాడుకుంటాయి. పోగైనదంతా తల్లిదండ్రుల ఈమెయిలుకో, దాన్ని అమ్మిన కంపెనీ సర్వర్‌కో వెళుతుంది. డెస్క్‌టాప్ మీద దాని గుర్తు ఉండదు, ప్రోగ్రాముల జాబితాలో పేరుండదు. ఒకవేళ ఉన్నా అది విండోస్‌లోని భాగమేదో అనిపించే పేరై ఉంటుంది. విండోస్‌తో వచ్చే డిఫెండరూ, బయట కొనే యాంటీవైరస్‌లూ ఇలాంటివాటిని చాలాసార్లు హానికరమైన ప్రోగ్రాములుగానే పట్టుకుంటాయి కాబట్టి, ముందుగా యాంటీవైరస్‌ను ఆపమనో, దీన్ని మినహాయింపుల్లో చేర్చమనో వాడుక సూచనల్లోనే రాసి ఉంటుంది. డబ్బు పెట్టి కొనడం ఇష్టం లేక క్రాక్ చేసిన కాపీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే: కాపలాను ఆపేసి మరీ లోపలికి రానిస్తున్న ఆ ఫైల్లో, మీరు అడిగినదానితో పాటు ఇంకేం వచ్చిందో మీకు తెలిసే దారి లేదు.

ఇప్పుడు ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఆ ఇంటివారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చాను. అతను ప్లస్ టూ సైన్సు చదువుతున్నాడు. ఒక రాత్రి స్నేహితుడితో ఛాటింగ్ చేస్తూ, తనకు ఫిజిక్స్ బొత్తిగా అంతుపట్టడం లేదనీ, ఇంట్లో చెబితే అమ్మ ఏడుస్తుంది, నాన్న మాట్లాడడం మానేస్తాడు అనీ రాశాడు. రెండు మూడు రోజుల తర్వాత భోజనాల దగ్గర తండ్రి, ఎవరూ అడగకుండానే, "ఫిజిక్స్ రాకపోతే రాలేదని చెప్పాలి గానీ, మేమేమైనా మాట్లాడడం మానేస్తామా" అన్నారు. మంచి మనసుతో అన్న మాట, అందులో సందేహం లేదు. ఆయన ఆ అబ్బాయిని తిట్టలేదు, ట్యూషన్ పెట్టిస్తానని కూడా అన్నారట. కానీ తన వాక్యం తండ్రి నోట తిరిగి వినబడేసరికి అబ్బాయికి అన్నం సహించలేదు. ఆ రాత్రే కంప్యూటర్ ముందు కూర్చుని, నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ చూపే టాస్క్ మేనేజర్ తెరిచి, తెలియని పేరున్న ప్రోగ్రామును పట్టుకుని, అది ఎక్కడ నుంచి నడుస్తోందో వెతుక్కుంటూ పోయి, తేదీ, గంట, నిమిషంతో సహా పేర్లు పెట్టి దాచిన తెర ఫొటోల ఫోల్డరును కనుక్కున్నాడు.

నా దగ్గరకు వచ్చినప్పుడు దాన్ని తీసేయమని అతను అడగలేదు. "అన్నా, ఇది ఏమేం తీసుకుందో చూపించు చాలు" అన్నాడు. సిగ్గుపడవలసిన పేజీలేమైనా దొరికాయేమోనన్న భయమనుకున్నాను గానీ, అతను ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయింది స్నేహితుడి మాటల దగ్గర. ఆ రెండో కుర్రవాడు తన ఇంట్లో జరుగుతున్న గొడవల గురించి, మరెవరికీ చెప్పుకోలేనివి, ఇతన్ని నమ్మి రాసుకున్నాడు. అవన్నీ ఇప్పుడు ఇంకొక కుర్రవాడి తండ్రి ఈమెయిల్లో ఉన్నాయి. మన పిల్లవాడి మీద మనకున్న అధికారం గురించి ఎన్ని మాటలైనా చెప్పుకోవచ్చు. అవతలి పిల్లవాడి మీద మనకు ఏ అధికారం ఉందో మీ శీర్షిక రాసినవారు చెప్పగలరా? నిఘా సాఫ్ట్‌వేర్‌కు ఒక మనిషి మాటలను మాత్రమే తీసుకోవడం రాదు. ఇద్దరు మాట్లాడుకుంటే ఇద్దరివీ పట్టుకుపోతుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా వినండి. అబ్బాయి ఇంట్లో గొడవ పెట్టుకోలేదు, తనకు తెలిసిపోయిందని ఎవరికీ చెప్పలేదు. ఇంటి కంప్యూటర్‌లో పాఠాలు తప్ప ఇంకేదీ తెరవడం లేదు. మిగతావన్నీ స్నేహితుల ఫోన్లలో, ఎవరి పాస్‌వర్డుతోనో, ఎక్కడో. తండ్రికి వచ్చే నివేదికలో ఇప్పుడు భౌతికశాస్త్రం వీడియోలు, పాత ప్రశ్నపత్రాలు మాత్రమే ఉంటున్నాయి. ఆయన చాలా తృప్తిగా ఉన్నారట.

తెలియనివ్వకుండా పెట్టవచ్చునన్న ఊహే తప్పని నేను అనడానికి కారణం ఇది. ఇంట్లో కంప్యూటర్ గురించి అందరికంటే ఎక్కువ తెలిసినది సాధారణంగా ఎవరి మీద నిఘా పెట్టామో ఆ పిల్లలకే. 2020 మార్చిలో బడులు మూతపడి చదువంతా తెర మీదకు వచ్చాక, అప్పటికి ప్రాథమిక పాఠశాలలో ఉన్నవారు కూడా మైకులు సరిచేసుకోవడం, యాప్‌లు వేసుకోవడం, తీసేయడం నేర్చుకున్నారు. వారే ఈనాటి ప్లస్ టూ పిల్లలు. డిస్కు ఎందుకు నిండిపోతోందని చూసినా, యాంటీవైరస్ కొత్త అప్‌డేట్ తర్వాత హెచ్చరిక చూపినా, తండ్రి తన ఈమెయిలు మూయడం మరచిపోయినా గుట్టు బయటపడుతుంది. నేను చూసినంతలో అసలు ప్రశ్న తెలుస్తుందా లేదా అన్నది కాదు, ఎవరి నోట, ఏ పరిస్థితిలో తెలుస్తుందన్నది.

ఇక మా సరిహద్దు జిల్లాలకే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. విశాఖపట్నంలోనో గుంటూరులోనో కూర్చుని సలహాలు రాసేవారికి అది తోచకపోవడం సహజమే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో ఇళ్లలో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది ఒడియా లేదా ఇంగ్లిషు. పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి కోడళ్లుగా వచ్చిన తల్లుల్లో చాలామంది బజారు పనికి సరిపడే ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. తండ్రుల్లోనూ ఒడియా అక్షరాలను కూడబలుక్కునేవారు ఎందరో ఉన్నారు. పిల్లలు తమలో తాము రాసుకునేది ఈ రెండింటిలో ఏదీ కాదు. ఇంగ్లిషు అక్షరాలతో, ఒక్కో వాక్యంలో ఒడియా, తెలుగు, హిందీ కలిపి రాస్తారు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ప్రమాదకరమైన మాటలు కనబడితే హెచ్చరిక పంపే సదుపాయం ఒకటి ఉంటుంది. ఆ మాటల పట్టిక ప్రధానంగా ఇంగ్లిషులో తయారైనది. దాని వల్ల ఏమవుతుందంటే, పాఠంలోని ఇంగ్లిషు పదానికి అర్ధరాత్రి హెచ్చరిక వస్తుంది, నిజంగా ఆదుర్దా పడవలసిన మాట మిశ్రమ భాషలో ఉండడం వల్ల దాని కంటికి ఆనదు. గూగుల్ అనువాదంలో 2020 నుంచి ఒడియా ఉంది. అయితే అది ఒడియాను ఒడియాగా రాసినప్పుడు పనికొస్తుంది గానీ, మా పిల్లల రాతను దానికిస్తే వచ్చే అర్థాన్ని పట్టుకుని తీర్పు చెప్పడం చాలా ప్రమాదం.

ఇక్కడే అసలు అనర్థం మొదలవుతుంది. చదవలేని తల్లి ఏం చేస్తుంది? చదవగలిగినవారి దగ్గరకు వెళుతుంది. కూతురి తెర ఫొటోలు కొన్నింటిని ఫోన్‌లో పెట్టుకుని, పక్కింటి ఒడియావారి కోడలితో చదివించుకున్న ఒక తల్లి సంగతి నాకు తెలుసు. అందులో ఉన్నది తోటి విద్యార్థినులతో నెలసరి నొప్పుల గురించీ, ఒక ఉపాధ్యాయుడి ఎగతాళి గురించీ రాసుకున్న మాటలు. తప్పేమీ లేదని తేలింది, తల్లి ఊపిరి పీల్చుకుంది. ఆ పిల్లకు మాత్రం, వీధిలో ఎదురయ్యే ఒక పెద్ద మనిషికి తన ఒంటి సంగతులు తెలుసునన్న విషయం మిగిలింది. ఆ తల్లి దుర్మార్గురాలు కాదు. కూతురి ప్రపంచం తనకు రాని లిపిలో నడుస్తోందన్న దిగులు ఆమెది, ఆ దిగులు మా ప్రాంతంలో ప్రతి ఇంటిలోనూ కొంతో గొప్పో ఉంది. దానికి సమాధానం ఆ పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని చదివి చెప్పించుకోవడంలో ఉంది కదా.

పోగైన సమాచారం ఎక్కడికి పోతుందన్నది మరో సంగతి. అమ్మకానికి పెట్టేటప్పుడు ఈ కంపెనీలు చెప్పేది భద్రత గురించే. జరిగినవి చూడండి. అమెరికాలో ఎకోమెట్రిక్స్ అనే సంస్థ, ఇంటి కంప్యూటర్‌లో పిల్లలు చేసే పనులను తల్లిదండ్రులకు చూపే సెంట్రీ అనే సాఫ్ట్‌వేర్ అమ్మి, దాని ద్వారా వచ్చిన పిల్లల సమాచారాన్ని మార్కెటింగ్ సంస్థలకు అందుబాటులో పెట్టింది. ఆ సంగతి తల్లిదండ్రులకు సరిగా చెప్పలేదని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపగా, 2010లో రాజీకి రావలసి వచ్చింది. 2018 మే నెలలో టీన్‌సేఫ్ అనే సంస్థ సర్వర్లు తాళం లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నట్టు బయటపడింది. తల్లిదండ్రుల ఈమెయిళ్లూ, పిల్లల యాపిల్ ఖాతాల పాస్‌వర్డులూ మామూలు అక్షరాల్లో అందులో ఉన్నాయి. అదే ఏడాది ఫ్యామిలీ ఆర్బిట్ అనే మరో సంస్థ దగ్గర నిఘాలో ఉన్న పిల్లల ఫొటోలు, వీడియోలు 281 గిగాబైట్ల మేర బయటివారికి అందేలా ఉన్నాయని తెలిసింది. టీన్‌షీల్డ్ వంటి యాప్‌లు అమ్మిన రెటీనా ఎక్స్ అనే సంస్థ మీద ఒకసారి కాదు, రెండుసార్లు హ్యాకింగ్ జరిగింది. 2019లో ఆ కమిషన్ దాని మీదా చర్య తీసుకుంది. వీటిలో చివరి మూడూ ఫోన్లకు సంబంధించినవి. కంప్యూటర్‌కూ ఫోనుకూ పద్ధతి ఒకటే: పిల్లవాడి రహస్యాలన్నీ ఒకచోట కుప్పపోసి, ముక్కూమొహం తెలియని కంపెనీ చేతికి అప్పగించడం. అపరిచితుల నుంచి కాపాడాలని చేసే పనిలో అపరిచితుల చేతికే ఇస్తున్నామని ఎవరికీ తట్టదు.

పెద్దలకు మరింత సూటిగా తగిలే విషయం కూడా ఉంది. చాలా ఇళ్లలో ఒకే కంప్యూటర్, ఒకే ఖాతా. కీబోర్డు నొక్కులను రాసుకునే ప్రోగ్రాముకు నొక్కినది కొడుకా తండ్రా తెలియదు. తండ్రి నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు, తల్లి ఈమెయిలు పాస్‌వర్డు, ఆదాయపు పన్ను పోర్టల్ వివరాలు అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. నేను చూసిన ఫోల్డరులో అవన్నీ వరుసగా ఉన్నాయి. అబ్బాయి వాటి వైపు కన్నెత్తి చూడకపోవడం అతని మంచితనం.

చట్టం సంగతి కొద్దిగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది కోర్టుల్లో తేల్చుకునే విషయమని నేను అనుకోను. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. మన దేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం, పిల్లల ఏకాంతంలోనూ ఉత్తరప్రత్యుత్తరాల్లోనూ ఇష్టానుసారం జోక్యం చేసుకోరాదంటుంది. 5వ అధికరణం తల్లిదండ్రుల మార్గదర్శకత్వాన్ని గౌరవిస్తూనే అది పిల్లల ఎదుగుతున్న సామర్థ్యానికి తగినట్టు ఉండాలంటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, కంపెనీలు వారి కదలికలను వెన్నాడరాదని తొమ్మిదో సెక్షన్‌లో నిర్దేశించింది; ఇంట్లో సొంత అవసరానికి వ్యక్తులు చేసుకునే పనులకు మాత్రం ఆ చట్టం వర్తించదు. కాబట్టి తల్లిదండ్రులు నేరం చేస్తున్నారని నా వాదన కాదు. కంపెనీ చేయకూడదని దేశం అనుకున్న పనిని ఇంట్లో మనం చేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించవచ్చునంటున్నాను, అంతే.

తల్లిదండ్రుల భయాలు ఉత్తవని నేను అనడం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఎన్ని ఇళ్లను ముంచకపోతే 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని నిషేధిస్తూ చట్టం చేస్తుంది? ఆడపిల్లల ఫొటోలు మార్చి బెదిరించేవాళ్లు, స్నేహం నటించి వీడియో కాల్ రికార్డు చేసి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. తండ్రి విశాఖలోనో హైదరాబాదులోనో పనికి వెళ్లి, ఇంట్లో తల్లి ఒక్కతే ఉండే కుటుంబాలు మా వైపు తక్కువేమీ కాదు. "మా గుంటడు చదువుతున్నాడో ఆటలాడుతున్నాడో బోధపడడం లేదు బాబూ, నువ్వే ఏదో ఒకటి పెట్టు" అని ఆ తల్లి అడిగితే, కాదు పొమ్మనడానికి నాకూ మనసొప్పదు. అయితే బెదిరింపుల విషయంలో ఒకటి గమనించాలి. బెదిరించేవాడి బలమంతా పిల్లవాడు ఇంట్లో చెప్పుకోలేడన్న నమ్మకం మీదే ఉంటుంది. తన మీద దొంగచాటుగా కన్నేసి ఉంచారని తెలిసిన పిల్లవాడు అలాంటి రోజున ఇంట్లో నోరు విప్పుతాడని నాకు నమ్మకం లేదు.

దుకాణంలో నేను పాటిస్తున్న పద్ధతి ఇది: పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని రండి, అతని ఎదుటే వేస్తాను, ఏం కనబడుతుందో ఏం కనబడదో ఇద్దరికీ కలిపి చూపిస్తాను. దీనికి ఒప్పుకోని వారు వేరే దుకాణానికి వెళతారు, వెళ్లనీ. ఒప్పుకున్న వారికి ముందు చేసేది, పెద్దలకూ పిల్లలకూ విండోస్‌లో వేర్వేరు ఖాతాలు పెట్టి, పిల్లల ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ అధికారం తీసేయడం. కొత్త ప్రోగ్రాము ఏది వేయాలన్నా పెద్దల పాస్‌వర్డు కావాలి గనక సగం బెడద అక్కడే తీరుతుంది. సమయం కట్టడికి మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉచితంగా దొరుకుతుంది. అందులో చేరమని వచ్చిన ఆహ్వానాన్ని పిల్లల ఖాతా నుంచి అంగీకరించాలి కాబట్టి దాపరికానికి చోటు లేదు. అశ్లీల వెబ్‌సైట్ల కోసమైతే ఇంటి రౌటర్‌లో డీఎన్ఎస్ చిరునామాను (వెబ్‌సైట్ పేరును బట్టి అది ఎక్కడుందో వెతికిపెట్టే సేవ చిరునామా) క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ 2020లో కుటుంబాల కోసం మొదలుపెట్టిన 1.1.1.3కు మార్చితే చాలు, ఎవరి మాటలూ చదవనక్కర లేకుండా ఆ ఇంటి వైఫై మీద అలాంటివి చాలావరకు తెరుచుకోవు. తెలివైన పిల్లలు దీన్నీ దాటగలరు, నిజమే. రహస్య నిఘాను దాటినంత సులువుగానే దాటుతారు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయినప్పుడు సైబర్ నేరాల నంబరు 1930కి, పిల్లలకు ఆపద వచ్చినప్పుడు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయాలన్న సంగతి పిల్లలకే ముందు చెప్పాలి.

ఇప్పటికే దొంగచాటుగా పెట్టి, అది పిల్లల కంటబడిన ఇళ్ల వారికి నా విన్నపం ఒకటుంది. పట్టుబడ్డామన్న ఉక్రోషంతో "నీలో తప్పు లేకపోతే భయమెందుకు" అని ఎదురు ప్రశ్న వేయకండి. ఆ పిల్లలను కూర్చోబెట్టి, ఏ రోజు నుంచి పెట్టారో, ఏం చూశారో, మరెవరికి చూపించారో చెప్పండి. పోగైన ఫైళ్లను వారి ఎదుటే చెరిపేసి, కంపెనీ సర్వర్‌లో ఖాతా ఉంటే దాన్ని కూడా మూయించి, ఆ తర్వాత ఇంట్లో అందరి పాస్‌వర్డులూ మార్చుకోండి. కట్టడి అవసరమనుకుంటే ఏది ఉండాలో, ఏ వయసు వరకు ఉండాలో అప్పుడే మాట్లాడుకోండి. పిల్లలకూ ఒక మాట: కనిపెట్టగానే కోపంతో దాన్ని పీకేయకండి, స్నేహితుల పాస్‌వర్డులు అరువు తెచ్చుకోకండి. మీ పాస్‌వర్డు ఇంకొకరి ఫోన్‌లో ఉండడం ఇంటి నిఘా కంటే పెద్ద ముప్పు. అమ్మకో నాన్నకో నేరుగా చెప్పలేకపోతే పిన్నికో మేనమామకో చెప్పి వాళ్ల చేత మాట్లాడించండి.

అయ్యా, మీ శీర్షికలో అచ్చయిన సలహాకు సవరణగా, ఏది వేసినా పిల్లలకు చెప్పి వేయాలన్న ఒక్క వాక్యాన్ని రాబోయే వారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయవలసిందిగా కోరుతున్నాను. వీలైతే విండోస్‌లో పిల్లలకు వేరే ఖాతా తెరిచే పద్ధతిని బొమ్మలతో సహా తెలుగులో ఇవ్వండి. మా దగ్గర ఆ వివరాలు ఇంగ్లిషులోనో ఒడియాలోనో దొరుకుతున్నాయి గానీ, చదవవలసిన తల్లులకు అందే లిపిలో లేవు. ఆ పేజీని కత్తిరించి దుకాణం గోడకు అంటించుకుంటాను.

ఇట్లు,
భవదీయుడు,
కంప్యూటర్ మరమ్మతు దుకాణదారు,
రాయగడ, ఒడిశా.